అనిల్ తల కోసం ఉపవాసం

మా మరిది అనిల్ కుమార్‌కు నడినెత్తిన జుట్టు పోయిందన్న సంగతి అద్దం చెప్పలేదు, కట్టుకున్న భార్య చెప్పలేదు, ఏళ్ళ తరబడి అతని తల మీద కత్తెర ఆడిస్తున్న మంగలి కూడా చెప్పలేదు. ఆలేరు దగ్గరి పల్లెలో ఉండే అతని చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో చర్చి దాకా నడవలేక ప్రతి ఆదివారం మంచం మీదే కూర్చుని ఫోన్లో మా నాచారం చర్చి లైవ్ చూస్తుంది. ఆ ఆదివారం ఆరాధన అయిపోయింది. మేమంతా అనిల్ ఇంట్లో కోడికూర తింటున్నాం. చిన్నమ్మ ఫోన్ చేస్తే అనిల్ వాళ్ళమ్మ మరియమ్మ ఎంగిలి చెయ్యి కావడంతో స్పీకర్ పెట్టించుకుంది.

"అక్కా, డోలక్ కొట్టే ఆ పెద్దాయన ఎవ్వరే? మస్తు కొడుతుండు. మన అనిల్ మానేసిండా?"

"మానేసుడేంది? కొట్టింది వాడేనే."

"కాదే. నేను చూసిన గద. బట్టతలాయన."

అనిల్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతని భార్య రోజీ, అంటే నా చెల్లెలు, నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి పోయింది. నేను ముక్క కొరుకుతూ అమాయకంగా కూర్చున్నాను.

తప్పు కెమెరాది. కరోనా రోజుల్లో మా చర్చి పైమేడ మీద ఒక కెమెరా బిగించారు. అది పైనుంచి కిందికి చూస్తుంది. అనిల్ ప్రసంగ వేదిక పక్కన చాప మీద కూర్చుని డోలక్ ఒళ్ళో పెట్టుకుంటాడు. పాట జోరందుకునే కొద్దీ అతని తల డోలక్ మీదికి వంగుతుంది. లైవ్ చూసేవాళ్ళకు ముఖం కనబడదు, నడినెత్తి ఒక్కటే కనబడుతుంది. మన నడినెత్తి మనకు తప్ప ఊరందరికీ తెలుస్తుందనేది అనిల్‌కు ఆ రోజు అర్థమైంది. మధ్యాహ్నమంతా మంచం మీద బోర్లా పడుకుని ఆ వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, పెద్దది చేసి చూశాడు. రూపాయి బిళ్ళంత ఖాళీ. ట్యూబులైటు కింద కాస్త పెద్దదిగా కనబడుతోంది, అంతే.

అనిల్ ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక బైకుల షోరూములో టీం లీడర్. మాట తీయన, మనిషి నీటు. వాళ్ళ నాన్న జ్ఞానయ్య గారు పోయేనాటికి కూడా దువ్వెన పళ్ళు విరిగేంత జుట్టుతో పోయారు. ఆ జుట్టే తనకూ వచ్చిందని అనిల్ గర్వం. పెళ్ళి ఫోటోలో రోజీ కంటే అతని క్రాపే ముందు కనబడుతుంది. నలభై నిండకుండానే అది జారిపోతుంటే బాధ ఉండదా? "జుట్టుదేముంది, గుణం ముఖ్యం" అని నీతులు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళకు జుట్టన్నా నిండుగా ఉండి ఉంటుంది, లేదా ఆశన్నా పూర్తిగా వదులుకుని ఉంటారు. నడుమ నిలబడ్డవాడి అవస్థ వాళ్ళకేం తెలుసు?

అందుకే నేను పెద్దగా ఎగతాళి చేయలేదు. కొంచెం చేశాను.

మొదట ఉల్లిపాయ రసం పట్టించాడు. పాటల గుంపులో నా పక్కన నిలబడే దోర్కా ముక్కు ఎగబీల్చి, "అక్కా, పొద్దుగాల్నే ఎవరింట్ల బిర్యానీ?" అని చెవిలో అడిగింది. దోర్కాకు నాచారంలో టైలరింగ్ షాపు ఉంది. మా చర్చిలో సగం మంది జాకెట్లు ఆమె చేతివే. భర్త లేడు, ఇంటర్ చదివే కూతురొక్కతే. గొంతెత్తి పాడితే కిటికీ అద్దాలు అదురుతాయి. ఈ మధ్య ఎందుకో గొంతు తగ్గించి పాడుతోంది, కొంగు కూడా నుదుటి దాకా లాగి పిన్నులు పెట్టుకుంటోంది. భక్తి పెరిగిందనుకున్నాను.

ఉల్లిపాయ తర్వాత ఏదో నూనె. దాని తర్వాత టోపీ. షోరూములో టోపీ చెల్లింది. చర్చిలో చెల్లదు. మా సంఘంలో ఆడవాళ్ళు తల మీద కొంగు తీయకూడదు, మగవాళ్ళు తల మీద ఏమీ పెట్టకూడదు. ఒక మగవాడు ఆడవాళ్ళ కొంగుల వైపు అంత అసూయగా చూడటం నేను అప్పుడే చూశాను.

చివరికి షోరూములో సర్వీసు విభాగం చూసే తేజేష్ దారి చూపించాడు. అతనిది రాజమండ్రి వైపు. "అన్నయ్యా, నేనూ చేయించుకున్నానండీ. చెప్తే గానీ మీరు కనిపెట్టలేకపోయారు చూడండి" అని తల వంచి మరీ చూపించి, ఏఎస్ రావు నగర్‌లో తను వెళ్ళిన క్లినిక్‌కు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ అనిల్ నెత్తికి చిన్న కెమెరా ఆనించి ఎదురుగా పెద్ద తెర మీద చూపించింది. రూపాయి బిళ్ళ కాస్తా నారపల్లి దాటాక కనబడే ప్లాట్ల వెంచర్‌లా ఉంది, అక్కడొకటి ఇక్కడొకటి మొలకలు తప్ప అంతా చదును.

"తల వెనక నుంచి కుదుళ్ళతో తీసి ఇక్కడ నాటుతాం. తలంతా గుండు చెయ్యాలి. కొన్నాళ్ళు చెమట పట్టే పనులు పెట్టుకోవద్దు. ఏం చేస్తుంటారు?" అని అడిగింది.

"బైకులు అమ్ముతానండీ. ఆదివారాలు డోలక్ కొడతాను."

"డోలక్ మాత్రం ఆపాలి" అంది. నెల తర్వాత ఒక సోమవారానికి తేదీ రాసిచ్చింది.

రోజీ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సంగతి విని, "చేయించుకుంటే చేయించుకో. కాని ఇంట్ల దొంగతనం పెట్టకు. అత్తమ్మకు నీ నోటితోని నువ్వే చెప్పు. నేను అబద్ధం చెప్ప, నిజం చెప్ప" అని తేల్చేసింది.

అక్కడే అనిల్ తప్పు చేశాడు. తల్లికి చెప్పడానికి పోయాడు గానీ, ఆమె ముఖం చూడగానే సిగ్గేసింది. ఎదిగే పిల్లల తండ్రి, వాక్యం తెలిసినవాడు, అందం కోసం తల కోయించుకుంటున్నానని డెబ్బై ఏళ్ళ తల్లికి ఎట్లా చెప్తాడు?

"అమ్మా, నాకు తలకు చిన్న ఆపరేషన్ ఉన్నది. ఫికర్ చెయ్యకు. ఎవ్వరికి చెప్పకు."

"తలకా? తలకేమైంది కొడుకా?"

"చిన్నదేనే. మొత్తం అడగకు."

ఆమె అడగలేదు. ఆ రాత్రి దిండు తడిసేలా ఏడ్చి, తెల్లారి స్త్రీల కూడికకు పోయి మోకాళ్ళ మీద పడి, "నా కొడుకు తలల ఏదో అయింది, ఆపరేషన్ అంటున్నరు, నా బిడ్డ కోసం ప్రార్థన చేయున్రి" అని చెప్పేసింది.

తర్వాత అనిల్ నెత్తి బాదుకుంటే మరియమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎవ్వరికి చెప్పలే కొడుకా. ప్రార్థనకే చెప్పిన" అంది. మావాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇది తమాషాగా ఉంటుంది. మాకు చెప్పడం వేరు, ప్రార్థనకు చెప్పడం వేరు. ఇంటి గుట్టు పక్కింటికి చెప్తే అది పరువు తీయడం. అదే గుట్టు ప్రార్థన విన్నపంగా సంఘమంతటికీ చెప్తే అది విశ్వాసం. ఇందులో కపటమేమీ లేదు, ఆమె మనసుకు నిజంగానే ఆ రెండూ వేరు.

ఆదివారానికి అది 'తలలో గడ్డ' అయింది. పాస్టరయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ శుక్రవారాలు ఉపవాస ప్రార్థన ప్రకటించారు. ఆ రోజు రోజీకి డ్యూటీ. అనిల్ చాప మీద డోలక్‌తో కూర్చుని ఉన్నాడు. లేచి "కాదు" అనాల్సింది. అతను లేచేలోపే వందమంది కళ్ళు మూసుకుని అతని పేరు పెట్టి ఏడుస్తున్నారు. ఏడ్చే జనం నడుమ నిలబడి "అబ్బే, జుట్టు కోసం" అనడానికి ఎంత గుండె కావాలి?

ఆ తర్వాత ఇంటికి వరస కట్టారు. బత్తాయిలు, హార్లిక్సులు, కొబ్బరిబోండాలు. సంఘ పెద్ద బాలరాజన్న వచ్చి అనిల్ తల పట్టుకుని నొప్పి ఎక్కడో వెతికినంత పని చేశాడు. బాలరాజన్నకు షుగర్. పూట తప్పితే చేతులు వణుకుతాయి. అయినా శుక్రవారం పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళతో కూర్చుంటున్నాడని తెలిసి అనిల్ ముఖం పాలిపోయింది.

"వదినా, నువ్వన్న చెప్పవా అందరికి?" అని నన్ను బతిమాలాడు.

"నేనెందుకు చెప్త? నీ తల, నీ నోరు" అన్నాను.

"పోని, ఆపరేషన్ వద్దని ఊర్కుంట. బాగైందని చెప్త."

"అప్పుడు అద్భుతం జరిగిందని సాక్ష్యం చెప్పమంటరు. చెప్తవా?"

తేజేష్ ఏమో క్లినిక్ వాళ్ళు గుర్తు చేయమన్నారని రోజూ అడుగుతున్నాడు. రోజీ మాట్లాడటం మానేసింది. అత్తగారు ఏడ్చినప్పుడల్లా ఆమె భర్త వైపు చూసే చూపు నేను చూశాను. ఆ చూపుకు బదులు రెండు దెబ్బలు తినడం నయం. నిజం చెప్తే తల్లి సంఘంలో తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఇంకా ఎందరు పస్తుంటారో తెలియదు. అనిల్ నిద్ర పోవడం లేదని చూస్తేనే తెలిసేది. అందరూ అది రోగమే అనుకున్నారు.

ఆపరేషన్ తేదీకి ముందు శనివారం మధ్యాహ్నం దోర్కా వచ్చింది. అనిల్ ఇంటి ముందు బైకు కడుగుతున్నాడు. మరియమ్మ లోపల పడుకుని ఉంది. జరిగిందంతా తర్వాత వాళ్ళిద్దరూ చెప్పగా రాస్తున్నాను. రాయమని దోర్కాయే అంది.

"తమ్మీ, మీదికి పోదామా? ఒక మాటున్నది" అంది. ఇద్దరూ మేడ మెట్లెక్కారు. పైకి చేరేలోపు ఆమె రెండుసార్లు ఆగింది. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాక ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది.

"భయపడుతున్నవా?"

అనిల్ తల దించుకున్నాడు.

"భయపడకు. ఆపరేషన్ అయినంక మందు ఎక్కిస్తరు కావచ్చు. అది ఎక్కించినప్పుడు నోరంత పుండైతది. కారం తినకు. చల్లటి పెరుగన్నం మెత్తగ కలుపుకొని తిను. గోళ్ళు నల్లగైతయి, మళ్ళ మంచిగైతయి. రెండో రోజు లేవబుద్ధి కాదు. ఎవరన్న వస్తే పండుకున్నడని చెప్పుమను, మొహమాటపడకు."

"అక్కా, నీకెట్ల తెలుసు ఇదంత?"

ఆమె చుట్టూ చూసి, కొంగు పిన్ను తీసింది. కొంగు భుజం మీదికి జారింది.

తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమ్మలు కూడా పెన్సిలుతో గీసుకున్నవే. ఒకప్పుడు దోర్కా జడ నడుము దాటి ఉండేది. క్రిస్మస్ పాటలప్పుడు పూలు పెట్టుకోవడానికి మేమే ఆమె జడ పట్టుకుని నిలబడేవాళ్ళం.

"రొమ్ముల గడ్డ. ఎండకాలంల తెల్సింది. ఎవ్వరికి చెప్పలే, ప్రార్థనకు కూడ చెప్పలే. జాకెట్ కొలతకొచ్చినోళ్ళు అయ్యో పాపం అని నా మొకం చూస్తుంటే నేనెట్ల కుట్టాలె? బిడ్డకొక్కదానికే తెలుసు. కొంగున్నది కాబట్టి నడిచింది. నీకు కొంగు లేదు కద తమ్మీ, నీ జుట్టు పోతే అందరు చూస్తరు. అందుకే ముందుగాల చెప్పిపోదామని వచ్చిన. పోతే పోయిందనుకో. తల తేలికైతది, స్నానం జల్దీ అయితది."

చివరి మాటకు తనే నవ్వబోయింది. "నీ కోసం శుక్రవారం నేను కూడ ఉపవాసమున్న. పూర్తిగ ఉండలే. కొబ్బరినీళ్ళు తాగిన, ఏమనుకోకు" అంది.

అనిల్ ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమురుతూ ధైర్యం చెప్పబోయింది.

"అక్కా, నాకేం రోగం లేదు" అన్నాడు.

"ఆ?"

"నాకు గడ్డ లేదు, ఏం లేదు. జుట్టు పోయింది. జుట్టు నాటిచ్చుకుంటున్న. సిగ్గుపడి అమ్మకు తలకు ఆపరేషన్ అని చెప్పిన. గంతే అక్కా. నన్ను చెప్పుతోని కొట్టు."

దోర్కా అతని దగ్గరికి జరిగింది. "ఏదీ, తల వంచు" అంది. అతను వంచాడు. ఆమె వేళ్ళతో జుట్టు పాయలు తీసి చూసింది.

"గింతనా?"

"గంతే."

ఆమె నవ్వింది. మొదట మెల్లగా, తర్వాత పొట్ట పట్టుకుని, గుండు ఊగిపోయేలా నవ్వింది. ఆ నవ్వుకు కింద మరియమ్మ నిద్ర లేచింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ దోర్కా అంది: "ఎండకాలం కాంచి ఇంత నవ్వలే తమ్మీ."

"నీకు కోపం రాలేదా?"

"కోపమెందుకు? రొమ్ము తీసేస్తమన్ననాడు నేను ఏడ్వలే. దువ్వెనల కుచ్చు కుచ్చు ఊడొచ్చిన నాడు ఏడ్చిన. జుట్టు పోతే ఎట్లుంటదో నాకు తెల్వదా? చేయించుకో. కాని బాలరాజన్న చేతులు వణుకుతున్నయి. ఆయనకు చెప్పు." కొంగు మళ్ళీ తల మీదికి లాక్కుని పిన్ను పెట్టుకుంది. "నా సంగతి మాత్రం ఎవ్వరికి చెప్పకు" అని మెట్లు దిగింది.

మర్నాడు ఆదివారం. పాటలయ్యాక పాస్టరయ్యగారు అనిల్‌ను ముందుకు పిలిచారు. పెద్ద ఆపరేషన్‌కు పోయేవాళ్ళను మోకరింపజేసి, పెద్దలంతా తల మీద చేతులుంచి ప్రార్థించడం మా ఆనవాయితీ. బాలరాజన్న అప్పటికే చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డాడు. అనిల్ మోకరించలేదు. మైకు చేతిలోకి తీసుకున్నాడు. లైవ్ నడుస్తోంది. ఆలేరులో చిన్నమ్మ కూడా వింటోందని అతనికి తెలుసు.

"అందరికి వందనాలు. రేపు నాకు ఆపరేషన్ ఉన్నది నిజమే. తలకే. కాని రోగం కాదు. నెత్తి మీద జుట్టు పోయింది, నాటిచ్చుకుందామని పోతున్న. సిగ్గుపడి మా అమ్మకు సరిగ చెప్పలే. ఆమె భయపడి మీకు చెప్పింది. మీరందరు నా కోసం పస్తులున్నరు. మా అమ్మది తప్పు లేదు. తప్పు నాది. నన్ను క్షమించున్రి."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రోజీ మాత్రం ఎన్నో రోజుల తర్వాత భర్త ముఖంలోకి సూటిగా చూసింది.

బాలరాజన్న ఒక అడుగు ముందుకు వేశాడు. "షుగర్ మనిషిని నేను. డాక్టర్ వద్దన్నా పస్తున్న. నీ పేరు పెట్టి ఏడ్చిన. జుట్టు కోసమా? దేవుని మందిరంల ఆటలా మీకు? మా ఉపవాసాలన్ని ఏట్ల పోసినట్టేనా?"

అనిల్ మైకు కిందికి దించాడు. వెనక బల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి. మరియమ్మ పేరు కూడా వినబడింది. ఆమె తల ఇంకా కిందికి వంగింది.

అప్పుడు నా పక్కన దోర్కా కదిలింది. నీళ్ళు తాగడానికి పోతోందేమో అనుకున్నాను. ఆమె పాటల వరస దాటి ముందుకు వచ్చింది.

"బాలరాజన్నా, జర ఆగు" అంది. మైకు అక్కర్లేదు ఆమెకు. పాత గొంతు. "ఉపవాసం ఊర్కె పోయిందంటున్నవు. పోలే. అనిల్‌కు అక్కర లేకపోతే అది నాకియ్యున్రి. నాకు అక్కర ఉన్నది."

పిన్ను తీసింది. మా చర్చిలో, ఆరాధన వేళ, ఒక స్త్రీ తల మీది కొంగు జారడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పైమేడ మీద కెమెరా దగ్గర కూర్చున్నతను లైవ్ ఆపేశాడు. ఎవరూ చెప్పకుండానే ఆపాడు, అతనికి పుణ్యముంటుంది.

వారం వారం దోర్కా నా భుజానికి భుజం ఆనించి నిలబడి పాడింది. ఆ కొంగు కింద ఏముందో నాకు తెలియలేదు. అందరికంటే ముందు లేచింది మరియమ్మ. బల్లలు పట్టుకుంటూ నడిచి వచ్చి, ఆ బోడి తల మీద తన రెండు అరచేతులూ పెట్టింది. ప్రార్థన మాటలేమీ రాలేదు ఆమెకు. "నా బిడ్డా, నా బిడ్డా" అంటూ ఆ తల నిమురుతూ ఉండిపోయింది. కొడుకు తల మీద పెడదామని తెచ్చుకున్న చేతులే అవి.

బాలరాజన్న కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"శుక్రవారం మళ్ళ మొదలు పెడదాం" అన్నాడు. "ఈసారి ఎవరి కోసమో, ఎందుకో తెల్సి చేద్దాం. దోర్కమ్మా, నువ్వు మాత్రం పస్తుండకు. నువ్వు తిను."

ఆ సోమవారం అనిల్ క్లినిక్‌కు పోలేదు. దోర్కాకు మందు ఎక్కించే రోజు అదే కావడంతో, అతనూ రోజీ ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. దారి పొడుగునా రోజీ ఆమెను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టిందట, నర్సును పక్కనే పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా చావబోయావా అని. మరియమ్మకు జుట్టు నాటడమంటే ఏమిటో కొడుకు విడమరచి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఎన్నో పొలాల్లో నాట్లేసిన మనిషి. శ్రద్ధగా విని, "గింత మడికి గంత నారెందుకు కొడుకా?" అని అడిగింది. క్లినిక్‌లో డాక్టరమ్మ కూడా ఆ ప్రశ్న వేయలేదు.

అయినా జుట్టు ఆశ అతను వదులుకోలేదు. వదులుకోవాలని నేనూ అనను. దోర్కాకు మందు ఎక్కించడం అయిపోయింది. ఇంకా పరీక్షలున్నాయి, భయమూ ఉంది. కానీ షాపు తెరిచింది. కొలతలకు వచ్చినవాళ్ళు "అయ్యో" అనబోతే, "చేతులు పైకెత్తు, కొలత తీసుకోవాలె" అని కసురుతోంది. ప్రతి ఆదివారం డోలక్ దగ్గర ఆగి, "తమ్మీ, నీ ఆపరేషన్ ఎప్పుడు?" అని అడుగుతుంది.

"నీకు జడ వచ్చినంక పోత అక్కా" అంటాడు అనిల్. హాస్యానికి కాదు. తేజేష్ ఎంత పోరినా, ఆమె తల మీద వెంట్రుకలు రాకముందు తన తల మీద నాటించుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట రోజీకి చెప్తే ఆమె పోయి అతని నెత్తిన నూనె పెట్టిందట.

మొన్న ఆదివారం ఆరాధన మొదలు కాకముందు దోర్కా అతని ముందు వంగింది. కొంగు అంచు కింది నుంచి, చెవి వెనక, రెండు వేళ్ళతో ఒక చిన్న కుచ్చు బయటికి లాగింది. కూతురిది ఎర్ర రబ్బరు బ్యాండు వేసి ఉంది దానికి.

"పిలక వచ్చింది తమ్మీ" అంది. "ఇగ నీ తేదీ అడుగు."

అనిల్ తల వంచి డోలక్ మీద దరువు అందుకున్నాడు. ఆమె కొంగు సర్దుకుని వచ్చి నా పక్కన నిలబడి, పాత గొంతుతో పాట ఎత్తుకుంది.